నా వైపు బ్రేకు లేదు

నేను కూర్చునే వైపు బ్రేకు ఉండదు.
ఉందనుకుని నా కుడికాలు
పదకొండేళ్ళుగా నేలరేకును తొక్కుతూనే ఉంది.
అక్కడి రబ్బరు పట్టా నా మడమంత మేర అరిగిపోయింది.

ఇవాళ నా పక్కన ఇద్‌వాల్.
అరవై మూడేళ్ళు.
హెల్మెట్లో తెల్లమీసం నలిగి
నవ్వుతున్నాడో, ఊపిరి బిగబట్టాడో తెలియడం లేదు.
ఈ మోన్ ద్వీపపు ఇరుకు దారుల్లో
ముప్ఫై ఒక్కేళ్ళు ఎర్ర తపాలా వ్యాను తోలాడట.
రోజుకి రెండువందల పధ్నాలుగు గడపలు.
అంటే
రోజుకి రెండువందల పధ్నాలుగు సార్లు ఆగడం.

రిటైరైన రోజున తోటివాళ్ళు చందాలేసుకుని
కొనిచ్చిన కానుక ఇది:
ఒక్క పూట, ఈ నారింజరంగు బండి,
నేను.

సముద్రం మీంచి గాలి అడ్డంగా కొడుతోంది.
తారు ఇంకా తడి ఆరలేదు.
కంచె అవతలి గొర్రెలు
మమ్మల్ని చూడటం ఎప్పుడో మానేశాయి.

మొదటి మలుపు ఇంకా రాలేదు,
టిక్కు టిక్కుమని చప్పుడు.
ఇండికేటరు వేశాడు!
"ఎవరికి చెబుతున్నారు?" అన్నాను.
అద్దంలోకి చూశాడు. వెనక పురుగు కూడా లేదు.
"అలవాటు" అని గొణిగాడు.
రెండో మలుపులోనూ వేశాడు.

నేర్పడానికి నిజానికి పెద్దగా ఏమీ ఉండదు.
బ్రేకును మొదటే గట్టిగా తొక్కండి,
తర్వాత, నిద్రపోయిన పసిపిల్ల తల కిందినుంచి
చెయ్యి లాక్కున్నంత మెల్లగా వదలండి.
నాలుగు చక్రాల పట్టూ కలిపి ఒకటే మూట.
ఆగడానికి ఎంత తీస్తే
తిరగడానికి అంత తక్కువ,
నెలాఖరు జీతంలాగా.
ఇది ఆయనకి చిటికెలో తలకెక్కింది.

ఎక్కనిది చూపు సంగతే.
బానెట్టు ముందు పదడుగుల్లోనే ఆయన కళ్ళు
గుంటల్ని, గేట్లని, తాళ్ళు తెంపుకున్న కుక్కల్ని వెతుక్కుంటున్నాయి.
"దూరం చూడండి. ఆ తెల్ల స్తంభం.
కాదు, దాని తర్వాతది."

ఏడో చుట్టులో,
సముద్రంలోకే దిగుతున్నట్టుండే ఆ వాలు మలుపులో
జడిసి, ఉన్నపళాన కాలు తీసేశాడు.
తీయకూడని చోటు అదొక్కటే.
బండి వెనకభాగం మాకంటే ముందు వెళ్దామనుకుంది.
సముద్రం, గొర్రెలు, టైర్ల గోడ,
సముద్రం,
మళ్ళీ గొర్రెలు.
లేని బ్రేకును విరిగేలా తొక్కాను.

ఇంజను ఆగింది.
సైలెన్సరు కింద తడిగడ్డి చుయ్యిమంటోంది.
వెల్ష్‌లో ఒక మాటన్నాడు,
ప్రార్థనకి వెళ్ళే ఆదివారాల్లో ఎవరూ అనని మాట.

చేతులింకా స్టీరింగు మీదే ఉన్నాయి.
"చేరిన నాలుగో చలికాలం
మంచులో వ్యాను ఇలాగే గిరగిరా తిరిగింది.
ప్రిచర్డ్ వాళ్ళ గోడకి జానెడు దూరంలో ఆగింది.
దిగి, వాళ్ళ ఉత్తరాలు వాళ్ళకిచ్చేసి వచ్చాను.
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."
"ఇంట్లో కూడానా?"
"ఎవరూ అడగలేదుగా.
ఉత్తరాలు అందాయి."

ఏమనాలో తోచలేదు.
క్లచ్చి నొక్కి మళ్ళీ స్టార్టు చెయ్యమన్నాను.

పన్నెండో చుట్టు.
అదే వాలు. అదే గాలి.
ఈసారి తల ముందు తిరిగింది, చూపు వెంట చేతులు,
చేతుల వెంట బండి.
చెయ్యి తిరిగినవాడని ఊరికే అనరు.
ఆ టిక్కు టిక్కు కోసం చెవి పెట్టాను,
వినబడలేదు.
ఇంజను గొంతు ఒక మెట్టు పైకెక్కి
అక్కడే, వణక్కుండా నిలబడింది.
నా కాలు మాత్రం నమ్మలేదు.
తొక్కుతూనే ఉంది.

సాయంత్రం హెల్మెట్లు తుడుస్తూ చూశాను.
తన చిన్న నీలం కారులో వెళ్ళిపోతున్నాడు,
గంటకి పదిమైళ్ళు.
గేటు దగ్గర ఆగాడు.
అటు మైలు, ఇటు మైలు ఖాళీ రోడ్డు.
వాన మొదలైంది.

ఎడమవైపు దీపం వెలిగి ఆరి వెలిగింది.

నాకే చెబుతున్నాడేమోనని
చెయ్యెత్తాను.