గురువారం కంపోజింగ్

గురువారం నాలుగింటికి వస్తారు ఎజ్రా మాష్టారు
వారాసిగూడ నుంచి నడిచి,
పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసిన పాఠంతో.
శుక్రవారం పొద్దు గుంకేలోగా అందరికీ అందాలి.
"పదిమంది ఉండాలమ్మా అసలు. మేం ఏడుగురం."
అయినా పది కాపీలే తీయమంటారు.

తోరాని ఏడాదికి సరిపడా వారాలుగా కోశారట.
రబ్బీలు వందల ఏళ్లుగా
దాని అంచుల్లో కూచుని వాదులాడుకుంటున్నారట.
ఆ వాదులాటని మాష్టారు గుంటూరు తెలుగులో రాసుకొస్తారు.
నాకు తెలిసింది అంచులే.
మార్జిన్లు నా పని కదా.

చలికాలంలో యాకోబు చనిపోయే పాఠం.
అలవాటుగా పైన రెండు ఎంటర్లు కొట్టాను.
"ఖాళీ వద్దు."
మిగతా పాఠాల ముందు కాస్త చోటుంటుంది, దీనికి లేదు.
తండ్రి పోగానే పిల్లల కళ్లూ గుండెలూ మూసుకుపోయాయి,
అందుకే అక్షరాలూ దగ్గరికి జరిగాయి, అన్నారొక పెద్దాయన.
బ్యాక్‌స్పేస్ నొక్కాను.
చావు ఒక లైను పైకి జరిగింది.

మార్చిలో, ఒక్క అక్షరం చిన్నది చేయమన్నారు.
దేవుడు మోషేని "పిలిచాడు" అని రాయాలి.
మోషేకి మొహమాటం.
"తారసపడ్డాడు" అంటే సరిపోదా?
సరిపోదన్నాడు పైవాడు.
సరేనని రాశాడు, చివరక్షరం కుదించి.
పధ్నాలుగు పాయింట్ల వరసలో
తొమ్మిది పాయింట్ల "డు" పెట్టాను.
పెళ్లి బంతిలో పెద్దల మధ్య
ఒదిగి కూచున్న పిల్లాడిలా ఉంది.
మాష్టారు కళ్లద్దాలు తీసి, తుడిచి,
మళ్లీ పెట్టుకుని చూశారు.

ఏప్రిల్లో కాగితం మీద ఒకటే వాక్యం.
ఇద్దరు కొడుకులు కాలిపోతే
"అహరోను ఊరుకున్నాడు."
మిగతా పేజీ ఖాళీగా వదలమన్నారు.
డబ్బు మాత్రం పూర్తి పేజీకి ఇచ్చారు.
నేను ఏమీ అడగలేదు.

బోనాల వారం వచ్చిన పాఠంలో
ఈటెతో ఇద్దర్ని పొడిచినవాడికి
శాంతి ఒడంబడిక దొరుకుతుంది.
అక్కడ శాంతి అన్న మాటలో ఒక అక్షరం
కాడ మధ్యన విరిగి ఉంటుందట,
చుట్టలో అలాగే రాస్తారట, ఇప్పటికీ.
"విరగ్గొట్టగలవా, వకుళా?"
నా ఫాంట్లలో విరిగినవి లేవు మాష్టారూ.
మా నాన్న దగ్గర ఉండేవి.
తొంభైలో కర్ఫ్యూ సడలించాక
శాలిబండ ప్రెస్సు తలుపు తీస్తే
సీసపు అక్షరాలన్నీ నేల మీద, తొక్కి.
ఏరినవాటితోనే అచ్చేశారు,
మొదటి పని శాంతి కమిటీ పోస్టరు.
"శ" తలకట్టు లేకుండానే గోడలెక్కింది.

ఆయన మాట్లాడలేదు. పెన్ను అడిగారు.
రబ్బీలు చెప్పినవాటి కింద,
వాళ్లతో సమానంగా, ఇంకో వాక్యం:
"నారాయణగూడలో ఒక కంపోజిటర్ కూతురు చెప్పింది..."
నా మాట నేనే టైపు చేయాల్సొచ్చింది.
మూడు తప్పులు పడ్డాయి.

అక్టోబరులో అయిపోయింది.
ఫైలు తీసేయనా అంటే నవ్వారు.
చివరి పేజీ చదివిన రోజే మొదటి పేజీ చదువుతారట.
మొదటి అక్షరం పెట్టెలా ఉంటుంది,
పైనా కిందా వెనకా మూసి,
ముందు తెరిచి.
పైనేముంది, కిందేముంది, మొదలవకముందు ఏముంది,
అడగొద్దని దాని అర్థమట.
"నీ షాపు లాగా," అన్నారు.
పైన స్లాబు, కింద గచ్చు, వెనక గోడ, ఎదర ఎత్తిన షట్టరు.
బయట వాన వెలిసి
ఆటోవాళ్లు సీట్లు తుడుచుకుంటున్నారు.

ఒక సంగతి చెప్పలేదు.
పది కాపీల్లో ఏడు సంచిలో పెట్టుకుంటారు మాష్టారు.
మూడు ప్రతివారం నా టేబుల్ మీద ఉండిపోతాయి.
మర్చిపోతారనుకుని మొదట్లో
వీధి చివరిదాకా పరిగెత్తేదాన్ని.