కుంటి కప్ప

సుంకేశుల వెనకనీళ్ళలో
గుర్రపుడెక్క దట్టంగా కమ్మిన మూల.
ఆదివారం, తెల్లారి ఐదున్నర.
నాలుగువందల ఎనభై పెట్టి పోస్టులో తెప్పించుకున్న రబ్బరు కప్ప
నీళ్ళమీద పడి
మోటారు పడవలా నా కాళ్ళదాకా దూసుకొచ్చింది.
ఒక్క కొరమీనూ తలెత్తి చూడలేదు.

గట్టున వల కుట్టుకుంటున్న సుంకులమ్మ అడిగింది:
"ఏం సారూ, దానికి బస్సు టయమయిందా?"

ముప్పైరెండేళ్ళు కర్నూలు పాత బస్టాండు వెనక
టైపు నేర్పినవాణ్ణి.
నిమిషానికి నలభై ఐదు మాటలు, తప్పుల్లేకుండా.
నా వేళ్ళకు తెలిసిందల్లా తొందర.
గేలంకర్ర పట్టినా అదే టకటక,
అదే క్యారేజి లాగుడు.

ఆమె పుట్టి గేలంకర్ర పట్టలేదు.
కప్పల్ని మాత్రం చూసింది,
మోకాటి లోతు నీళ్ళలో వల తీసే ప్రతి పొద్దూ.
"కప్ప అదేపనిగా ఈదదు సారూ.
రెండు తన్నులు తంతాది, నిలబడతాది.
ఎవురన్నా సూసినారా అని సూస్తాది.
అట్ల సూసేటప్పుడే దాన్ని మింగేది."

దారం వదులుగా విడవడం నేర్చుకోడానికే
మూడు ఆదివారాలు పట్టింది.
బిగిసిన దారం కప్పను ఈడుస్తుంది.
వదులు దారం దానికి తల తిప్పుకునే చోటిస్తుంది.
కర్ర కొన కిందికి. కదిలేది మణికట్టు ఒక్కటే,
తడిచేయి విదిలించినంత.
తర్వాత ఆగడం,
లేచిన వలయాలు ఆకుల్ని తాకి చచ్చిపోయేదాకా.
మీటలన్నిట్లో పొడుగైనది
ఏ అక్షరమూ అచ్చెయ్యనిదే.
దాన్ని నేనెప్పుడూ పాఠంగా చెప్పలేదు,
బొటనవేలికి వదిలేశాను.

కత్తెరతో దాని ఎడమకాలు సగం కోశాను.
కుంటిదయ్యాక బాగా నడిచింది,
ఇటొకసారి, అటొకసారి,
కొత్త చెప్పు కరిచినవాడిలా.

అప్పుడు పగిలాయి నీళ్ళు.
బిందె బావిలో పడ్డ చప్పుడు.
లాగాను.
కప్ప ఎగిరొచ్చి భుజానికి కొట్టుకుంది,
కడుపునిండా నీళ్ళు, వీపున పళ్ళగాట్లు.
"నోట్లో పెట్టుకోనిచ్చినావా?
కండ్లతో లాగద్దు సారూ.
చేతికి బరువు తెలిసినాక లాగు."

ఇంకో మూడుసార్లు కండ్లతోనే లాగాను.
ఆ తర్వాతది,
ఒకటి, రెండు, అని లోపల అనుకునేసరికి
దారం తనంతట తాను పక్కకి నడిచింది.
కిలోన్నర. ముల్లు పైదవడలో.
సుంకులమ్మ దాన్ని బరువు చూసి
"ఇదే నీకు నేర్పింది, నేను గాదు" అంది.

శ్రావణం చివర,
ఆకుల మధ్య ఖాళీలో నీళ్ళు ఎర్రగా ఉడుకుతూ కనిపించాయి.
మిరపగింజలంత పిల్లలు, వందల్లో,
ఊపిరికి పైకొచ్చి మునుగుతున్నాయి.
కింద ఎక్కడో తల్లో, తండ్రో.
ఆ గుంపు మీదుగా నడిపితే చాలు.
ఆగే పని లేదు, లెక్కపెట్టే పని లేదు,
వచ్చి కొడుతుంది.

"అది ఆకలి కాదు సారూ,"
వలమీంచి తలెత్తకుండానే అంది.

అప్పటికే విసిరేశాను.
గుంపుకి మూరెడు దూరాన పడింది కప్ప.
కదిలించలేదు.
వలయాలు పోయాయి.
పిల్లలు ఒకసారి లేచి మునిగాయి.
కప్ప కిందికి ఒక నీడ వచ్చి నిలబడింది,
నా మోచేయంత.

లాగితే కొడుతుంది.
లాగకపోతే ఇంటికెళ్ళలేను.
దారం తెంపుదామంటే
ముళ్ళున్న కప్పను దాని వాకిట్లో వదిలిపోవడం.

లకుముకి ఒకటి అరిచి వెళ్ళిపోయింది.
ఎండ వచ్చి మెడమీద కూర్చుంది.
సుంకులమ్మ దారం కొరికింది, వల చుట్టింది,
జొన్నరొట్టె మూట విప్పి తినేసింది కూడా.
"ఇంటికి రావా సారూ?"

నీడ ఇంకా అక్కడే ఉంది.
నేనూ ఉన్నాను,
రీలు మీద బొటనవేలు ఆనించి.