మసి అంటిన చోట

కంచరపాలెం పాతినప సామాన్ల కొట్లో
కిలో లెక్కన తూచి ఇచ్చాడు నాలుగు ఉలులు.
గేటు బందులూ, ఒక సైకిలు చైనూ
వాటితోపాటే త్రాసులో.
నూట ఎనభై. పది తగ్గించమంటే
ఫ్యాను కేసి చూస్తూ నవ్వాడు.

నాది ప్లైవుడ్డు పని.
మధురవాడ అపార్ట్‌మెంట్లలో కప్‌బోర్డులు,
రౌటర్ అరుపు, తెల్ల మైకా, డబ్బాల కొద్దీ జిగురు.
ఎందుకు కొన్నావంటే
మా ఆవిడకి చెప్పలేకపోయాను.

పిడుల్లేవు. గొట్టాల్లో మాత్రం
పన్ను పీకాక చిగుళ్లో మిగిలిన వేరులా
విరిగిన మొదళ్లు.
మేకుతో తవ్వాను, వేడి చేశాను.
మూడింట్లోంచి పొట్టే రాలింది.
నాలుగోదాన్లోంచి
తారు పట్టిన వల తాడు, మూడు చుట్లు.
వదులైన పిడిని ఎవరో బిగించుకున్నారు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఉప్పు వాసన.
తలుపులు చేసినవాడిది కాదిది.

ఆదివారం ఫిషింగ్ హార్బరుకి పట్టుకెళ్లాను.
ఫైబరు బోట్లు వరసగా, కొత్త బకెట్లలా.
వెనక ఒడ్డున ఒక కర్ర పడవ ఒరిగిపోయి
పక్కటెముకల సందుల్లోంచి యారాడ కొండ.
దాని నీడలో గరికిన పోలయ్య.
ఉలి తిప్పాడు. గొట్టం అంచున మూడు ఆకురాయి గాట్లు
చూడకుండానే బొటనవేలితో పట్టుకున్నాడు.
"ఎంతకిచ్చాడేటి?"
చెప్పాను.
"నానమ్మింది నలభైకే."
బీడీ ఆరిపోయింది. మళ్లీ వెలిగించుకోలేదు.

తీసుకోమన్నాను.
"సేతులు వణుకుతన్నాయి. నువ్వే ఏసుకో పిడులు.
కర్రేటి?"
హుద్‌హుద్‌కి మా సందులో కూలిన తుమ్మ,
అప్పట్నుంచీ డాబా మీద ఎండుతోందన్నాను.
"తుమ్మయితే పర్లేదు.
జిగురెట్టకు. ఎట్టీసేవంటే రేపిది ఇరిగినప్పుడు
నీనాగే ఇంకొకడు తవ్వుకోవాల.
గొట్టం లోపల దీపం మసి పుయ్యి.
పిడి దూర్చు, తియ్యి.
మసెక్కడంటితే అక్కడే గొరుగు.
అంటని కాడ ముట్టుకోకు."

రాత్రి దేవుడి గూట్లో దీపం మీద
రేకు పెట్టి మసి పట్టాను.
దూర్చాను, తీశాను. ఒక పక్కే నలుపు.
గొరిగాను.
దూర్చాను, తీశాను. కొనన ఉంగరంలా నలుపు.
టేపు జేబులోనే ఉండిపోయింది.
ఎవడో కమ్మరి సుత్తితో చుట్టిన గొట్టం,
గుండ్రమూ కాదు, పలకా కాదు,
దాని వంకర దానిది.
ఆ వంకరకి తుమ్మ ఒప్పుకునేదాకా
పదకొండు సార్లు.
మా ఆవిడ లేచొచ్చి చూసి, ఏమీ అనకుండా
దీపంలో ఇంకాస్త నూనె పోసి వెళ్లింది.

పన్నెండోసారి చుట్టూ సమంగా నలుపు.
భుజం దగ్గర గోరు మందం ఖాళీ వదలమన్నాడు,
దెబ్బలు పడ్డకొద్దీ దిగడానికి.
వదిలాను.
పిడి మొదలు నేలకేసి ఒక్కటి కొట్టి
ఉలిని కిందికి వేలాడదీశాను.
ఊడలేదు.
ఎంతసేపు అలా పట్టుకు నిలబడ్డానో.

మళ్లీ ఆదివారం చూపిస్తే
నున్నగా తోమిన పిడిని చూడనే లేదు. ఖాళీ చూశాడు.
"కుసింత ఎక్కువొగ్గీసేవు.
దెబ్బలు తింటే అదే సర్దుకుంటాదిలే."
ఉలి నా చేతిలో పెట్టేశాడు.
కాసేపాగి,
"లోపల తాడుండాల, ఏటి సేసేవు?"
జేబులోంచి తీసిచ్చాను.
అది మాత్రం తీసుకుని
చెవి మీద, సగం కాలిన బీడీ పక్కన
దోపుకున్నాడు.