ఏడో పుస్తకంలో గాడిద లేదు

పడవ మీదికి కార్లు ఎక్కించే పని నాది.
యెల్ దీవి నుంచి ఫెట్లార్‌కి, అక్కణ్ణుంచి మళ్లీ యెల్‌కి.
గాలి ఊరుకున్న రోజు
ఒక్కో ట్రిప్పుకి ఆరు పేజీలు నడుస్తాయి.
గంటలు బాగుచేసే హెల్దా కథ
తొమ్మిదేళ్లుగా అలాగే చదివాను.
సన్నటి పుస్తకాలు, జాకెట్ జేబులో పడతాయి,
అట్టల నిండా నా డీజిల్ వేలిముద్రలు.

ఆ దేశంలో చనిపోయినవాళ్లు గంటల్లో కాపురముంటారు.
గంట బీటవారితే వాళ్లకు నత్తి వస్తుంది.
హెల్దా వెళ్లి అతుకు వేస్తుంది.
వెంట గాడిద. ప్రతిదానికీ అడ్డం చెప్పే గాడిద.
మూడో పుస్తకంలో అది న్యాయస్థానమెక్కి
రాజుగారి మీద సాక్ష్యం చెప్పిన రోజు
నవ్వుతూ నవ్వుతూ ర్యాంపు దించడం మరిచిపోయాను,
రొట్టెల వ్యాను వాడు హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాడు.
ఐదో పుస్తకంలో, మునిగిపోయిన జాలరి ఒకడు
గంటలోంచి అడుగుతాడు
పడవ అప్పు ఇంకా ఎంత మిగిలిందని.
ఆ రోజు నాకు ఇంజను చప్పుడు వినపడలేదు.

ఏడోది ఫిబ్రవరిలో వచ్చింది.
రెండో పేజీలోనే గాడిదను సత్రంలో కట్టేశారు.
"మంచు తగ్గాక వస్తా" అంది హెల్దా.
రాలేదు.
మిగతా నూట పది పేజీలూ ఒక కోట,
ఒక పెళ్లి, ఒక కిటికీ,
కిటికీ అవతల మంచు.

కానీ ఆ మంచు చూడాలి!
"మంచు కురవలేదు,
ఆకాశం తన మాటను వెనక్కి తీసుకుంది
తునకలు తునకలుగా" అని రాసిందావిడ.
ఆ వాక్యం మీద పెట్టిన వేలు
కాసేపు తియ్యలేకపోయాను.
ఇంజను గది మెట్ల మీద మాన్సీకి చదివి వినిపించాను.
"బావుంది" అన్నాడు. "తర్వాత ఏమైంది?"
ఏమీ కాలేదు మాన్సీ.
మంచు పడింది.
చాలా బాగా పడింది.

మా అవ్వ వాళ్లమ్మ అల్లిన శాలువా ఒకటుంది ఇంట్లో,
మొత్తం శాలువా పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుంది.
చుట్టాలొస్తే తీసి చూపించేవాళ్లం,
అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు.
దాన్ని కప్పుకుని డెక్ మీదికి ఎవరూ వెళ్లలేదు.
ఈ పుస్తకం అలా ఉంది.
కాదులే, అంత మాట అంటే అన్యాయం ఆ ముసలామెకి,
అది చలికి పనికొస్తుందని
ఆమె ఎన్నడూ చెప్పలేదు.

చెత్త పుస్తకమైతే సుఖం, తిట్టి పారేస్తాం.
ఇందులో తప్పు పడదామంటే
ఒక్క కామా కూడా దొరకదు.
వడ్డనంతా వెండి పళ్లెంలో,
లేచి చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది
ఆకలి.

ఫెట్లార్ రేవులో కారు కిటికీలోంచి
సునీవాకి అందించాను.
పోస్టాఫీసు మూతబడ్డాక ఆవిడకి మిగిలినవి
గొర్రెలు, నేను, ఈ పుస్తకాలు.
నా గుర్తులు పెన్సిలు, ఆవిడవి ఎర్ర సిరా.
ఆరు పుస్తకాల అంచుల వెంబడీ పోట్లాడుకున్నాం.
ఈసారి ఏమీ చెప్పకుండా ఇచ్చాను,
మొహం కూడా జాగ్రత్తగా పెట్టుకున్నాను.

నాలుగో రోజు తిరిగొచ్చింది.
నేను గీసిన గీతలు ఇరవై మూడు, అన్నీ మెచ్చుకోళ్లే.
ఆవిడ సిరా ఒక్కచోటే.
రెండో పేజీ, సత్రం, కట్టుకొయ్య,
పక్కన ఎర్రగా:
"దీనికి గడ్డి ఎవరు వేస్తున్నారు?"

ఎనిమిదోదానికి డబ్బు కట్టేశాను. రెండు ప్రతులకి.
ఇద్దరికీ ఒకటి చాలని తెలిసే కట్టాను.

ఇది ఆఖరి ట్రిప్పు, ఒక్క కారూ ఎక్కలేదు.
డెక్ మీద సన్నగా మంచు మొదలైంది.
ఆకాశం మాట వెనక్కి తీసుకుందని
ఆ గాడిదకి చదివి వినిపిస్తే
ఏమంటుందా అని ఆలోచిస్తున్నాను.
చెవులు వెనక్కి పెట్టి అంటుంది కదా,
"మాట తప్పింది అనొచ్చుగా."