మినిట్స్‌లో లేనివి

నెబ్రాస్కాలో మా కౌంటీ కోర్టు, పై అంతస్తు.
మడత కుర్చీలు, చల్లారిన కాఫీ.
ఏడో అంశం: అత్యవసర ఫోన్ల కేంద్రం.
ఫోను బిల్లుకి నెలకో పావు డాలరు పెంచాలా, వద్దా.

నేను గుమాస్తాని. విన్నది రాస్తాను.

"రాత్రిళ్లు ఎన్ని కాల్స్ వస్తాయి?" వెర్న్ టాల్‌మడ్జ్ అడిగాడు.
"ఒకరోజు నాలుగు. ఒకరోజు ఒక్కటీ రాదు," అంది ఓపల్.
"మరి తక్కిన టైమంతా?"
"కూర్చుంటాను."
ఎవరో నవ్వారు.

ఆ కూర్చోవడానికే జీతమని ఆమె అనలేదు.
కింద రెండో కుర్చీకి మార్చి నుంచీ
ప్లాస్టిక్ కవరు తొడిగే ఉందనీ,
బాత్రూముకెళ్తే తలుపు తెరిచే ఉంచుకుంటాననీ అనలేదు.
ఫోన్లో విన్నది, సరే, పైకి అనకూడదు.

అనుకూలం ఇద్దరు.
వ్యతిరేకం ముగ్గురు.
వెర్న్ ఎత్తిన చేతికి మూడే వేళ్లు.

మొక్కజొన్న గాదెలో మర తక్కిన రెండూ నమిలిన రాత్రి
నలభై మైళ్ల అంబులెన్సు వచ్చేదాకా
"గుడ్డ బిగించి పట్టుకో, మాట్లాడుతూనే ఉండు" అన్న మనిషి
ఇప్పుడు చూపు దించుకుని
టిఫిన్ డబ్బా సంచీలో సర్దుకుంటోంది.
ఊరంతా ఎరిగిందే.

డ్యూటీకింకా పది నిమిషాలు. మెట్లు దిగిపోయింది.

తీర్మానం వీగిపోయింది, అని రాశాను.
పావు డాలరు. అంకె తప్పు పోకూడదని
మళ్లీ ఒకసారి చూసుకున్నాను.