సంపు నిండేదాకా

చర్లపల్లిలో మా షెడ్డు, రెండో అంతస్తు.
కింద గ్రైండర్ ఆగి చాలాసేపైంది.
ఫర్హానా మణికట్టు మీద జెల్ రాసుకుని
స్కానర్ కొన ఆనించింది.
తెర మీద బూడిదరంగు పొరలు,
మధ్యన నల్లగా నాడి, కొట్టుకుంటూ.
"బానే ఉంది. ఇప్పుడు నువ్వు."

నా చెయ్యి పెట్టాను.
బొమ్మ నిండా చారలు.
ఒక్కో చార సరిగ్గా అరవై నాలుగు చుక్కల వెడల్పు,
ప్రతి చారలోనూ ఇంకా ఫర్హానాయే.
ఆమె అవతల కుళాయి దగ్గర జెల్ కడుక్కుంటోంది,
ఇక్కడ నా చర్మం కింద
ముక్కలు ముక్కలుగా ఆమె నాడి
కొట్టుకోవడం మానేసి ఆగి ఉంది.

మూడు రోజులుగా ఇదే వరస.

మొదటిసారి ఈ డ్రైవర్ రాసినప్పుడు
బైటు బైటునూ ప్రాసెసరే మోసేది.
బిందె వెనక బిందె, మెట్లెక్కి, మెట్లు దిగి,
ఇంకో పని చెబితే మొహం చిట్లించేది.
పైపే వేసేద్దాం అనుకున్నాం:
కార్డు నుంచి తిన్నగా మెమరీలోకి,
మధ్యలో ఎవరి నెత్తిమీదా బరువు లేకుండా.

అనుకోవడానికేం.
చోటు అడిగాను, పక్కకి జరగని చోటు.
చిరునామా ఇవ్వాలి కదా, కార్డుకి,
నాకు తెలిసిన చిరునామా దానికి పనికిరాదు.
మల్లాపూర్‌లో మా వాచ్‌మన్ కొమురయ్య
టాంకరాయనకి ఫోన్లో చెబుతాడు:
"సోడా దుకాణం సందుల మలుపు, మూడో గేటు."
సోడా దుకాణం పోయి ఆరేళ్ళు.
అది మా అపార్ట్‌మెంటు వాళ్ళ కళ్ళకే కనిపించే దుకాణం.
అందుకని కెర్నెల్‌ని బతిమాలి
కార్డు చదవగలిగే అంకె ఒకటి తెచ్చాను,
రిజిస్టర్లో రాశాను.
ఎంత పొడవు, ఎటు వైపు,
చివర్న ఒక బిట్టు: కానివ్వు.

ఆ బిట్టు రాశాక చేతులు వెనక్కి కట్టుకోవాలి.
సంపు మనదే,
గొట్టం దింపినంతసేపూ మనది కాదు.
మూత ఎత్తి తొంగిచూడకూడదు, చెంబు ముంచకూడదు.
పనయ్యాక హారన్ కొడతారు. అంతవరకూ
వేరే పని చూసుకోవాలి, లేదా నిద్రపోవాలి.

హారన్ మోగుతోంది. లెక్క సరిపోతోంది.
బొమ్మ మాత్రం పాతది.

ఒంటిగంటకి ఇల్లు చేరాను.
గేటు దగ్గర టాంకరు ఖాళీ అయి వెనక్కి తిరుగుతోంది,
రోడ్డంతా తడి.
లిఫ్టు పక్కన కొమురయ్య పలక,
పొద్దున రాసిన సుద్ద అక్షరాలు:
నీళ్ళు లేవ్వు.
రెండు వత్తులూ అలాగే.
మూడో అంతస్తు తాయమ్మగారు
ఆ పలక చదివి, నిట్టూర్చి,
ఖాళీ బకెట్టుతో పక్క బిల్డింగుకి బయల్దేరింది.
ఆమె చెప్పుల కిందే సంపు.
అంచుదాకా.

"అమ్మా, నీళ్ళొచ్చినయ్!" కొమురయ్య పరిగెత్తాడు,
"తుడుసుడు మరిసిన!"
మోచేత్తో పలక రుద్దుతున్నాడు.

నేను లిఫ్టు ఎక్కలేదు.
ప్రాసెసర్‌కీ పక్కనే ఒక చిన్న పలక ఉంటుంది.
మెమరీదాకా నడవడం దానికి బద్ధకం,
పలక మీద ఉన్నదే చదివి నమ్మకంగా చెప్పేస్తుంది.
అబద్ధం కాదు. పొద్దుటి నిజం.
దాని అక్షరం ఒక్కోటీ అరవై నాలుగు బైట్లు.
కొన్ని వాటంతటవే చెరుగుతాయి, కొన్ని ఉండిపోతాయి,
అవే చారలు.
ఫ్రేము ఫ్రేముకీ అదే సంపు వాడుకుంటూ
తుడవమని నేను ఒక్కసారీ చెప్పలేదు.

మర్నాడు ఒకే ఒక్క వరుస చేర్చాను,
హారన్‌కి తర్వాత, చూపుకి ముందు.

ఫర్హానా చెయ్యి. తర్వాత నా చెయ్యి.
తెరంతా నేనే, ఎక్కడా అతుకు లేదు.
ఎందుకో ఒక్క క్షణం ఆ చారల కోసం వెతికాను.

ఫర్హానా తెర మీదికి వంగి లెక్కపెట్టింది.
"ఇత్నా తేజ్? నువ్వు చాయ్ తగ్గించవే."