ఆరు నిమిషాలు, రెండు కుర్చీలు

ఆరు నిమిషాలు దాటకూడదన్నారు.
నలుగురికంటే ఎక్కువ మనుషులు వద్దన్నారు.
రెండు కుర్చీలు సంఘంవాళ్ళే ఇస్తారట,
మూడోది కావాలంటే ఇంటినుంచి మోసుకు రావాలి.
నాలుగు కాపీలు, పేజీకి ఒకవైపే రాత.
ఆ ఒక్కదానికీ నాకు లోటు లేదు,
అయనావరం సిగ్నల్ దగ్గర జిరాక్స్ షాపు నాదే.

రాయడం రాత్రి తొమ్మిది తర్వాత,
మిషను చల్లారుతూ టిక్కుటిక్కుమంటుంటే
చెడిపోయిన కాపీల వీపుల మీద.
ఒకసారి పెళ్ళిచూపుల స్కెచ్చు
ఎంత గీకినా నవ్వు రాలేదు.
కాగితం తిప్పి చూస్తే మరణ ధ్రువపత్రం.
సభాపతి, అరవై ఒకటి.
క్షమించండి సభాపతిగారూ అని
ఇంకో కాగితం తీసుకున్నాను.

ఈ ఏడు తొమ్మిది పంపాను.
కమిటీ గదిలో గజపతిగారు పైకి చదివారు,
కరెంటు బిల్లు చదివినట్టు.
మధ్యలో కళ్ళజోడు పైకెత్తి
"ఇక్కడ నవ్వాలా?" అన్నారు.
ఇంకొంచెం ముందే నవ్వినా పరవాలేదన్నాను.
ఎవరూ నవ్వలేదు.
టీ తెచ్చిన కుర్రాడు మాత్రం
గ్లాసులు దించకుండా అలాగే నిలబడ్డాడు.
వాడికి తెలుగు సగమే వచ్చు.
ఆ సగంలోనే నా ధైర్యమంతా.

ఎనిమిది వెనక్కొచ్చాయి.
ఒకదాంట్లో మంత్రి ఉన్నాడట,
ఒకదాంట్లో అధ్యక్షులవారి లాంటి బట్టతల ఉందట,
ఒకదానికి అర్థం ఉందట,
"హాస్యానికి అర్థమెందుకమ్మా?"
మిగతావాటికి కారణం కూడా దండగనుకున్నారు.
నిలిచింది తణ్ణి లారీ.

తణ్ణి లారీ అంటే మునెమ్మత్త.
నీళ్ళ లారీ మా వీధి మలుపు తిరక్కముందే
హారన్ని బట్టి డ్రైవరు పేరు చెప్పే మనిషి.
నాలుగు బిందెలు వరసలో పెట్టి
"నాలుగూ ఒక ఇంటివి కాదయ్యా,
ఇది నాది, ఇది నా మోకాలి నొప్పిది,
ఇది ఊరెళ్ళినవాళ్ళది, ఇది రాబోయే చుట్టాలది" అని
లెక్క అప్పజెప్పే మనిషి.
నేను రాసిందేముంది?
బిందెలకు రంగు మార్చాను,
మునెమ్మను చిట్టెమ్మ చేశాను,
మోకాలిని నడుముకెక్కించాను.

చిట్టెమ్మ వేషం ఏకాంబరానిది.
మీసం తియ్యనన్నాడు, పెళ్ళాం ఒప్పుకోదట.
సరే, చెంగు నోట్లో కరుచుకోమన్నాను.
సగం మాటలు చెంగులోనే నానిపోయాయి.

ఆ సాయంత్రం పెరంబూరు హాల్లో
ముందు వరసలో మునెమ్మత్త.
కొప్పులో కనకాంబరాలు,
ఎవరెత్తుకుపోతారోనని ఒళ్ళో చెప్పుల సంచి.
నేను తెర పక్కన, ఫ్యూజు పెట్టె దగ్గర,
అరచేతి మీద పెన్నుతో నవ్వులు లెక్కపెట్టడానికి.
పదకొండు వస్తాయనుకున్నాను.
మొదటి మూడూ రాలేదు.
నవ్వు రానిచోట ఎంత చప్పుడుంటుందో
తెర పక్కన నిలబడితే గాని తెలియదు.
ఫ్యాను. చంటిబిడ్డ. ఎవరో మురుకు కొరకడం.

ఏకాంబరం రెండో బిందె ఎత్తాడు.
"ఇది నా నడుం నొప్పిది."

ముందు వరసలోంచి వచ్చింది,
కుళాయి తిప్పితే మొదట గాలి, తర్వాత దగ్గు,
ఆ తర్వాత నీళ్ళొచ్చినట్టు
ఒక్క గొంతు.
దాని వెనకే హాలంతా.
అరచెయ్యి చాలక మణికట్టు దాకా గీతలు.
మునెమ్మత్త చెంగుతో కళ్ళొత్తుకుంటోంది,
చెప్పుల సంచి కింద పడినా చూసుకోలేదు.
నాకేమో
వరస తప్పి ముందుకెళ్ళి
ఎవరి నీళ్ళో పట్టుకున్నట్టు.

మర్నాడు పొద్దునే షాపుకొచ్చింది.
ఆధార్ కాపీ ఒకటి, రెండువైపులా.
డబ్బులివ్వలేదు, నేనడగలేదు.
"ఆ చిట్టెమ్మ అచ్చం మా కొరట్టూరు తోడికోడలే" అంది.
నేను ఊపిరి వదిలేలోపు
మెట్టు మీద ఆగి, మోకాలు పట్టుకుని, వెనక్కి తిరిగింది.

"నడుం కాదే పిల్లా, మోకాలు పెట్టు.
మోకాలికైతే ఇంకా నవ్వుతారు."